చిన్నదాని తెరమీద లేనివి

పదకొండుకల్లా వచ్చి కూర్చోమన్నారు, వచ్చి కూర్చుంది. లోపలికి ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేదు. విచారణ గది తలుపు మూసే ఉంది. తలుపు పైసగం పాలరంగు అద్దం, దాని వెనక మనుషులు మచ్చల్లా కదులుతున్నారు. ఒక మచ్చ మాత్రం కదలకుండా నిలబడి ఉంది, అది తన తోడికోడలే. కూర్చోమని ఉంటారు, ఎంత పాడుకాలమైనా ఆపాటి మర్యాద ఉండదా, కానీ అది కూర్చోదు, చిన్నప్పుడు ఎవరు నేర్పారో గానీ పెద్దవాళ్ల ముందు తప్పు లేకపోయినా నిలబడే రకం. ఇటు బెంచీ మీద ఒళ్లో అట్టఫైలు పెట్టుకుని పెద్దకోడలు కూర్చుని ఉంది, ఫైల్లో ఒకే ఒక కాగితం. ఆ కాగితం చూసి చిన్నది ఉద్యోగంలో ఉండాలో ఊడాలో తేలుస్తారు. ఉద్యోగంతో పోయేదైతే పీడాపోయిందనుకోవచ్చు. ఒక మనిషి రెండు చేతులూ కాలిన సంగతి ఇది, ఎవరి నెత్తిన పడితే వాళ్లు మళ్లీ తలెత్తుకుని తిరగలేరు. కాగితం తయారుచేసింది తనే, పొద్దున తొమ్మిదింటికి. దానికి పది నిమిషాల ముందు ఇంకో చిన్న పని కూడా చేసింది. ఆ పని సంగతి ఆమెకూ, ఆమెను పుట్టించినవాడికీ తప్ప మూడోవాడికి తెలియదు.

తన పనేమిటో చెబితే బంధువులు నవ్వుతారు, అందుకే ఎవరైనా అడిగితే 'ఆఫీసులో' అని ఊరుకుంటుంది. ఈ కంపెనీలో పెన్సిలు దగ్గర్నుంచి నీళ్లపంపు దాకా ఏది కావాలన్నా కంప్యూటర్లో కేటలాగు తెరిచి, బొమ్మ చూసి, నొక్కి తెప్పించుకోవాలి. బయట కొంటే నేరం. పోనీ అన్నీ అందరికీ కనిపిస్తాయా అంటే, అదీ లేదు. క్యాంటీనువాడికి క్యాంటీను కేటలాగు, రంగులు కలిపేవాడికి రంగులది, తోటపనివాడికి తోటది. ఎవరికేది కనిపించాలో పేరు పక్కన టిక్కు పెట్టేది ఆమె, తీసేది కూడా ఆమే, పదకొండేళ్లుగా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, ఆ అమ్మకి ఈ కంపెనీలో ఒక కుర్చీ, ఒక మౌసు ఇచ్చి కూర్చోబెట్టారు. టిక్కు తీసేస్తే ఏమవుతుంది? ఏమీ అవదు, దాని అందమంతా అదే. 'నీకు అనుమతి లేదు' అని తెర అనదు. అంటే మనిషికి రోషమొస్తుంది, పై అంతస్తుకొచ్చి ఎందుకు లేదని నిలదీస్తాడు. తెర మర్యాదగా 'ఫలితాలు లేవు' అంటుంది. లేనిదాని కోసం ఎవడు పోట్లాడతాడు? తన వెతకడమే బాగా లేదనుకుంటాడు, అక్షరాలు మార్చి కొడతాడు, కళ్లు నులుముకుంటాడు, చివరికి సిగ్గుపడి ఊరుకుంటాడు. ఎంతమంది అలా ఊరుకున్నారో ఆమెకు లెక్కే లేదు. పోయినేడు ఒక ముసలి గుమాస్తా మంచి కుర్చీ కోసం మూడు నెలలు వెతికి, నడుం పట్టేసి రిటైరయ్యాడు, వెళ్లేరోజు వచ్చి ఆమెకు మిఠాయి కూడా ఇచ్చిపోయాడు, పిచ్చి మానవుడు.

తాళంకప్ప. ఆ పేరు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. చిన్నదానికి ఇక్కడ ఉద్యోగం వేయించింది ఎవరు? తను. మరిది బతిమాలితే, పోనీలే ఇంట్లో ఇంకో జీతం అని పెద్దసారు దగ్గర తలవంచి అడిగింది తను. అది చేరి నెల తిరగలేదు, క్యాంటీన్లో ఎవరో 'మీ అక్క ఇంట్లో కూడా ఇంతేనా' అని అడిగితే, ఇది పళ్లికిలించి 'మా అక్క బంగారమండీ, కాకపోతే తాళంకప్ప, నొక్కితే పడిపోతుంది గానీ చెవి ఎక్కడుందో దేవుడికే తెలియాలి' అంది. బల్ల చుట్టూ ఉన్న పదిమందీ పగలబడి నవ్వారు. తనూ నవ్వింది, నవ్వకపోతే మరీ పలచనైపోమూ. సాయంత్రానికల్లా మేడలన్నిటికీ ఆ పేరు పాకింది. లిఫ్టులో కూడా ఎవరో గుసగుసగా అనడం వినబడింది. చిన్నదాని మనసులో ఏ పాపమూ లేదని ఆమెకు తెలుసు. తెలుసు గనకే కడుపు మరింత మండింది. కావాలని గుచ్చినవాళ్లను తిరిగి గుచ్చొచ్చు, ముద్దుచేస్తూ గుచ్చినవాళ్లను ఏం చేస్తాం? తడిగుడ్డతో గొంతు కోయాలి, వేరే దారి లేదు.

ఇంట్లోనూ అంతే. పద్నాలుగేళ్ల కూతురు బడినుంచి రాగానే చెప్పులు విప్పకుండా పిన్ని గదిలోకి దూరుతుంది, తలుపు దగ్గరకి వేస్తారు, లోపల కిసకిసలు. ఏమిటే అంత నవ్వు అని తను తలుపు తోస్తే ఇద్దరూ ఒక్కసారి ఊరుకుంటారు. 'ఏం లేదమ్మా.' ఏం లేదట. ఎంత బాగుందో మాట! తొమ్మిది నెలలు మోసింది, జ్వరమొస్తే రాత్రుళ్లు తడిబట్ట మార్చింది, తనకేమో ఏమీ లేదు, నిన్నగాక మొన్న వచ్చినదానికి అన్నీ ఉన్నాయి. కూతురికి ఎవరితో స్నేహమో, ఏ పరీక్ష పోయిందో, ఎందుకు ఏడ్చిందో, పిన్నికి తెలిసిన వారానికి గానీ తల్లికి తెలియదు, అదీ పిన్ని దయతలచి చెబితే. ఆ తలుపు ముందు నిలబడి గడప మీద బొటనవేలు రాస్తూ ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో. తలుపు అవతల ఉండటమంటే ఎలా ఉంటుందో అందరికీ ఒకసారి తెలియాలి.

ఆరువారాల కిందట చిన్నదాన్ని యాసిడ్ తొట్టెల గదికి సామాను చూసే మనిషిగా వేశారు. జీతం పెరిగింది, ఇంట్లో అత్తగారు అందరికీ కాఫీ పెట్టింది. దాని పేరు టిక్కులకోసం తన దగ్గరికే వచ్చింది మరి, ఎక్కడికి పోతుంది? తొమ్మిది కేటలాగులు పెట్టాలి. ఎనిమిదింటికి పెట్టింది. తొమ్మిదోది రక్షణ సామగ్రి, అందులోనే మోచేతులు దాటే నల్లటి మందపాటి తొడుగులుంటాయి, యాసిడ్‌లో చేయిపెట్టేవాళ్లకి. అక్కడ వేలు ఆగింది. ఒట్టు, మొదటిరోజు ఆగింది అంతే, ఏ ఆలోచనా లేదు, రేపు పెడదాంలే అనుకుంది. రేపు వచ్చాక 'ఆమెలా చూడు' అనే మీట నొక్కింది. ఎవరి తెర ఎలా ఉందో సరిచూసుకోవడానికి ఇచ్చిన మీట అది. నొక్కగానే చిన్నదాని పేరుతో తెర తెరుచుకుంది, చిన్నదాని కళ్లతో చూస్తున్నట్టే ఉంది. తొడుగులని కొట్టింది. ఫలితాలు లేవు. తెల్లటి తెర, పైన చిన్నదాని పేరు. చెప్పొద్దూ, ఎండలోంచి వచ్చి కుండనీళ్లు తాగినట్టయింది ఆమెకు. ఆ తరవాత రోజూ పొద్దున టీ కప్పు చేత్తో పట్టుకుని ముందు ఆ తెర చూసి, తరవాతే పనిలో దిగేది.

అంతకంటే రుచి ఇంకొకటి ఉంది. ఎవరేం వెతికారో వరసగా రాసిపెట్టే పట్టీ, అలాంటిదొకటి ఉందని తనకు తప్ప ఎవరికీ తెలియదు. అది తెరిస్తే చిన్నదాని వేళ్లు కనిపించేవి. యాసిడ్ గ్లవ్స్. గ్లవ్స్ యాసిడ్. పొడుగు గ్లవ్స్. మోచేతి గ్లవ్స్. రబ్బరు తొడుగులు. చేతి తొడుగు. చేతి తొడుగులు పెద్దవి. చేతితొడుగులు, కలిపి రాస్తే వస్తాయేమోనని. నాలుగోవారంలో ఒకరోజు ఒక్కమాటే, చేతులు. ఆ మర్నాడు మాటే లేదు, ఖాళీ గడినే పదిహేడుసార్లు నొక్కింది. ఆ పదిహేడూ చూసినప్పుడు ఆమె టీ కప్పు కింద పెట్టేసింది, అవును, పెట్టేసింది, తను రాయి కాదు. మౌసు టిక్కు దాకా వెళ్లింది కూడా. అప్పుడే ఫోన్లో కూతురు, 'అమ్మా, పిన్నికి ఇవ్వవా' అంది. తన ఫోనుకి చేసి పిన్నిని అడిగింది! ఇంకేం, మౌసు వెనక్కి వచ్చింది. చిన్నది నోరుమూసుకుని కూర్చుందా అంటే, లేదు. సహాయం కావాలని రాసింది, అది కూడా తన దగ్గరికే వచ్చింది, తను పడికట్టు జవాబు పంపింది, 'మీ విధులకు తగినవన్నీ మీకు కనిపిస్తాయి.' ఇంట్లో అంట్లు తుడుస్తూ, 'అక్కా, ఆ తొడుగులు నాకెక్కడా దొరకట్లేదు, పాతవి చిల్లులు పడ్డాయి, ఆ పనివాళ్ల చేతుల్ని చూస్తే భయమేస్తోంది' అని అడిగింది. 'సరిగ్గా వెతుకు. ఉన్నవైతే ఎందుకు కనిపించవు' అంది తను, గిన్నె మీంచి కళ్లెత్తకుండా.

పక్కన బెంచీ కిర్రుమంది. ఎవరో వచ్చి కూర్చున్నారు. తల తిప్పకుండానే మందు వాసన కొట్టింది, ఆసుపత్రి వాసన. ముందు తెల్లటి కట్లు కనిపించాయి, రెండు చేతులకీ మోచేతుల దాకా, తరవాత మనిషి. యాభై ఏళ్లుంటాయి. తొట్టెల గది పనివాడు. ఫోటోలో చూసింది, ప్రమాదం నివేదికకి జతచేసిన ఫోటోలో, కానీ అందులో మొహం లేదు, చేతులే ఉన్నాయి. ఆమె ఫైలు దగ్గరకి లాక్కుంది.

"అమ్మా, కాస్త ఈ మూత తీస్తారా?" అన్నాడు, చంకలో ఇరికించుకున్న నీళ్లసీసా గడ్డంతో చూపిస్తూ.

తీసింది. తీసి అతనికి ఇవ్వబోయి ఆగిపోయింది. అతను నవ్వాడు. "తాగించాలి మరి. ఏమనుకోకండి." ఆమె సీసా ఎత్తి అతని నోటికి పెట్టింది. సగం గడ్డం మీంచి కారి చొక్కా మీద పడింది, తన చేతిరుమాలుతో తుడిచింది, పరాయి మగవాడి గడ్డం. ఏమిటీ ఖర్మ, నేనెందుకు తుడుస్తున్నాను, ఇంకెవరూ లేరా ఈ మేడలో. "చల్లగా ఉండండమ్మా" అన్నాడతను. ఆ మాట ఆమెకు ఒంటిమీద బల్లి పడ్డట్టనిపించింది.

"నన్నెవరూ రమ్మనలేదమ్మా, నేనే వచ్చాను. చిన్న మేడంగారిని ఏమీ అనొద్దని చెప్పడానికి. చిల్లుల తొడుగులు చూపిస్తే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. కంప్యూటర్లో లేవంట, ఏం చేస్తుంది పాపం. సొంత డబ్బుతో బజార్లో కొనుక్కొచ్చింది. ఆ దుకాణంవాడు వెధవ, యాసిడ్‌కి ఆగుతాయని ఒట్టేశాడంట. మూడోసారి ముంచేసరికి లోపలికి వచ్చేసింది." అతను కట్లవైపు చూసుకున్నాడు, పక్కింటివాళ్ల సామాను చూసినట్టు. "కుడిచేతికి రెండు వేళ్లు ఇంక వంగవంట. పోనీండి. లేనివి లేవు, ఆవిడెక్కడి నుంచి తెస్తుంది?"

టీ గ్లాసులతో పోతున్న అటెండరు ఆగి విన్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభమన్నా, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" అనేసి, అన్నమాట ఏమిటో అర్థమై నాలుక కరుచుకున్నాడు. అందరికంటే ముందు నవ్వింది కాలిన చేతులవాడే. "ఆకులు పట్టుకోడానికీ చేతులుండాలి కదయ్యా!" అన్నాడు. అటెండరు గ్లాసులు గలగలమనిపిస్తూ పారిపోయాడు. ఆమెకూ నవ్వు వచ్చింది, ఆపుకోలేని నవ్వు, గట్టిగా దగ్గింది.

లేనివి లేవు. ఎంత సులువుగా నమ్మేస్తారు జనం! తనూ నమ్మింది ఒకప్పుడు. తొమ్మిదేళ్లప్పుడు పెదనాన్న పిల్లలతో దాగుడుమూతలు, దొంగ తనే. వంద లెక్కపెట్టి కళ్లు తెరిచింది. మంచాల కింద చూసింది, తలుపుల వెనక చూసింది, గోడ దూకి పక్కవాళ్ల పెరట్లోనూ చూసింది. ఒక్కళ్లూ లేరు. ఎంత బాగా దాక్కున్నారో అని మెచ్చుకుంటూ చీకటిపడేదాకా వెతికింది. మోకాలు చెక్కుకుపోయింది. వాళ్లందరూ ఎప్పుడో ఇంటికిపోయి అన్నాలు తిని పడుకున్నారు. మర్నాడు అడిగితే పెదనాన్న కూతురు, 'నీకు వెతకడం రాకపోతే మేమేం చేస్తాం' అంది. తను ఆ మాట నమ్మింది, తనకు వెతకడం రాదనే అనుకుంది ఎన్నో ఏళ్లు. ఏడవలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి, అంత బాధ తెలిసినదానివి ఇంకొకరికి ఎలా పెట్టావే అని అడిగితే? తెలిసింది గనకే పెట్టగలిగాను, తెలియనివాళ్లకి ఇంత బాగా కుదరదు అని చెబుతుంది. చెబుతుందా? చెప్పదు. అడిగేవాళ్లెవరు?

కానీ చేతులు కాలాలని తను అనుకోలేదు. ఆ మాట తన పిల్లమీద ఒట్టేసి చెప్పగలదు. చిన్నది తిట్లు తినాలి, పనికిమాలినదని పేరు రావాలి, ఆ పదవి పోవాలి, తలవంచుకుని ఇంటికి రావాలి, అంతే అనుకుంది. అది ఇంత తెగించి బజారుకి పోతుందని ఎవరనుకున్నారు? ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి నాలుగురోజులుగా నిద్ర లేదు. ఇవాళ ఎనిమిదీ యాభైకి, ఆఫీసుకి ఎవరూ రాకముందు, తొమ్మిదో టిక్కు పెట్టింది. వేలు ఈసారి ఆగలేదు. ఇప్పుడు లేచి లోపలికి పోయి, అయ్యా, టిక్కు నేనే పెట్టలేదు, ఇవాళ పొద్దున పెట్టాను అంటే ఏడు మాటలు, అరనిమిషం. చిన్నది బయటపడుతుంది. పక్కనున్న ఈ మనిషి... ఈ మనిషి ఏమంటాడు? తాగిన నీళ్లు కక్కుతాడు. ఆమె నిజంగానే లేచి నిలబడింది. కూతురికి ఏమని తెలుస్తుంది, మీ అమ్మ ఇలాంటిది అని పిన్నే చెబుతుంది, ఆ మూసిన తలుపు వెనకే చెబుతుంది, ఈసారి కిసకిసలు కూడా ఉండవు. ఎంతసేపు నిలబడిందో, తలుపు దానంతటదే తెరుచుకుంది, 'రండి మేడం' అన్నారు లోపలినుంచి, అదృష్టమో దరిద్రమో, నిలబడే ఉంది గనక నడిచి వెళ్లింది.

లోపల ముగ్గురే ఉన్నారు, పెద్దసారు, ఆయన పక్కన భద్రత చూసే అధికారిణి, ఎదురుగా చిన్నది. కళ్లు వాచి ఉన్నాయి. తనను చూడగానే ఆ మొహం కాస్త తేటపడింది, మనవాళ్లు వచ్చారన్నట్టు.

"అక్కడ లేవండీ, నేను రోజూ వెతికాను" అంటోంది.

"వెతికారో లేదో ఇప్పుడే చూద్దాం. మేడం, ఈవిడకి ఏం కనిపిస్తాయో ఈవిడలాగే తెరిచి చూపించండి" అన్నాడు పెద్దసారు.

ఆమె తెరిచింది. గోడమీద పడిన తెరలో చిన్నదాని పేరు వెలిగింది. తొడుగులని కొట్టింది. వరసగా వచ్చాయి, పొడుగువి, పొట్టివి, అన్నిటికంటే ముందు మోచేతులు దాటే నల్లటివి, బొమ్మతో సహా.

"ఇవి ఎప్పటినుంచి ఉన్నాయి?" అని అడిగింది అధికారిణి. తెలివైన మనిషి. పెద్దకోడలు అట్టఫైలు తెరిచింది. ఫైల్లోంచి కాగితం తీసి బల్లమీద పెట్టి, పైవరస మీద వేలు పెట్టింది. "కేటలాగు మొదలైన తేదీ ఇక్కడుంది మేడం. రెండేళ్లు దాటింది." ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ కాగితంలో కేటలాగు పుట్టినరోజే వస్తుంది, ఎవరికి ఏరోజు టిక్కు పెట్టారో రాదు. దానికి వేరే కాగితం ఉంది, అడిగితే వస్తుంది, కానీ టిక్కుకి కూడా ఒక తేదీ ఉంటుందని తెలిస్తే కదా అడగడానికి. అధికారిణి తలాడించి రాసుకుంది.

చిన్నది గోడ దగ్గరికి నడిచింది. ఆ నల్లటి బొమ్మ మీద అరచెయ్యి పెట్టింది, బొమ్మ దాని చేతిమీద పడింది. "ఇవే. ఇవేనండీ..." అని ఇటు తిరిగింది. ఇప్పుడు అరుస్తుంది, అరవనీ, నువ్వే చేశావంటుంది, అననీ, అని ఆమె ఒళ్లు బిగబట్టుకుని కూర్చుంది. ఆ చూపులో అనుమానమన్నది మచ్చుకైనా లేదు. "నాకే కనిపించలేదు. ఇంత ఎదురుగా ఉంటే... నా కళ్లకేమైంది? నాకు వెతకడం రాలేదండీ, నా తప్పే" అంది. పెద్దసారు నిట్టూర్చి, తప్పు తనదేనని, ఉద్యోగం వదులుకుంటున్నానని రాసిన కాగితం ముందుకు జరిపాడు. సంతకం చేసేటప్పుడు చిన్నదాని అక్షరం గీత దాటింది.

ఇద్దరూ కలిసే బయటికొచ్చారు. కాలిన చేతులవాడు లేచి నిలబడ్డాడు. చిన్నది అతని ముందు మోకాళ్లమీద కూలబడింది. చేతులు పట్టుకుందామంటే అతనికి చేతులేవీ, పాదాల మీద తలపెట్టింది. "అవి ఉన్నాయి. అక్కడే ఉన్నాయి. నేనే చూసుకోలేదు."

"ఉన్నాయా?" అన్నాడతను.

అంతసేపూ లేనిది, అప్పుడు మారింది ఆ మొహం. లేనిదాన్ని ఎంతైనా క్షమించాడు మహానుభావుడు, రెండు వేళ్లు పోయినా క్షమించాడు. ఉండీ చూసుకోలేదంటే ఎలా క్షమిస్తాడు? ఒక కాలు వెనక్కి లాక్కున్నాడు, తరవాత రెండోది. "ఉండగానే..." అని, సీసా బెంచీమీదే వదిలేసి మెట్లవైపు వెళ్లిపోయాడు. చిన్నది నేలమీద అలాగే ఉండిపోయింది, తల పెట్టిన చోట తల ఉంచి.

ఆమె వంగి రెక్క పట్టుకుని లేపింది. బెంచీమీద కూర్చోబెట్టింది. అతను వదిలేసిన సీసాలోని నీళ్లే తాగించింది, ఇంకో సీసా ఎక్కడుంది గనక. చిన్నది ఆమె భుజం మీద మొహం దాచుకుని, చంటిపిల్లలా వెక్కుతూ, "అక్కా, ఇంట్లో చెప్పకు. అత్తయ్యగారికి, ఆయనకి నేనే ఎలాగో చెప్పుకుంటాను. పాపకి మాత్రం తెలియనివ్వకు. అది నన్ను... దానికి తెలిస్తే నేను బతకలేనక్కా" అంది.

"ఛ, ఊరుకో. పిచ్చిదానా, నేనెందుకు చెబుతాను" అంది పెద్దకోడలు, దాని వీపు నిమురుతూ. నిమురుతూనే ఆలోచించింది. కూతురు బడినుంచి నాలుగింటికి వస్తుంది, తను సెలవు పెట్టి ముందే ఇంటికి పోవచ్చు. ఇది ఇంకా ఇక్కడ కాగితాలు, తాళాలు అప్పజెప్పేసరికి ఐదున్నరవుతుంది. గంటన్నర. చెప్పులు విప్పకముందే దగ్గర కూర్చోబెట్టుకోవాలి, తలమీద చెయ్యి వేయాలి, కాస్త కళ్లనీళ్లు కూడా పెట్టుకోవాలి. ఎలా మొదలుపెట్టాలో రెండు మూడు రకాలుగా అనుకుని చూసింది. 'పాపం, మీ పిన్ని' అని మొదలుపెడితే బాగుంటుందనిపించింది.